వైర్ల సంగతి ఎవరు చెప్పారు?

కుట్టుమిషన్లు ఆరూ మాడి మసైపోయాయి! పదేళ్లుగా పెద్దకోడలు కన్నబిడ్డలా సాకిన టైలరింగ్ షాపు తెల్లారేసరికి నల్లటి గోడలై మిగిలింది. తడి బూడిదలో నిలబడి ఆమె వెక్కివెక్కి ఏడుస్తుంటే, అత్తగారు చిన్నకోడలి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇన్సూరెన్స్ చేయించబట్టి బతికిపోయాం తల్లీ!" అంది.

ఆ మాట పెద్దకోడలి గుండెల్లో గునపంలా దిగింది. ఇంత కష్టంలోనూ పొగడ్త దానికేనా!

ఆర్నెల్ల క్రితం ఇన్సూరెన్స్ బ్రోకరును వెతికి పట్టుకున్నది చిన్నకోడలే. ముగ్గురితో మాట్లాడి, "ఒకే కంపెనీ పాలసీ అంటగట్టేవాళ్లు వద్దక్కా, నాలుగు కంపెనీలవీ పక్కపక్కన పెట్టి చూపించే మనిషి కావాలి" అంటూ ఈవిడను తీసుకొచ్చింది. ఆవిడ అడిగినవాటికల్లా చిన్నకోడలు టకటకా జవాబులు చెబుతుంటే, అత్తగారు మురిసిపోతుంటే, పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది. షాపు ఎవరిది? రెక్కలు ముక్కలు చేసుకున్నదెవరు?

"కరెంటు వైరింగ్ పాతదా, కొత్తదా?" అని బ్రోకరు అడిగింది.

"పాతదే కదక్కా..." అంది చిన్నకోడలు.

"నా షాపు సంగతి నాకు తెలీదా? నిరుడే మార్పించాను!" అని పెద్దకోడలు కసిరింది. పచ్చి అబద్ధం! కేవలం దాని మాట చెల్లకూడదని... అలాగే రాసిన పాలసీ ఫారం మీద సంతకం కూడా పెట్టేసింది.

ఇప్పుడు నిప్పు పుట్టింది ఆ వైర్లలోనే! అబద్ధం బయటపడితే క్లెయిమ్ గంగలో కలిసినట్టే. ఎవరితో చెప్పుకోవాలి?

మధ్యాహ్నం బ్రోకరు వచ్చి, ఫొటోలు తీసుకుని, పెద్దకోడలి భుజం తట్టింది.

"భయపడకండమ్మా. ఫారం ఇచ్చిన మర్నాడే వైరింగ్ పాతదని మీరు కబురు పంపడం ఎంత మంచిదైందో! కంపెనీకి రాసి దిద్దించాను. లేకపోతే ఒక్క మిషను డబ్బూ వచ్చేది కాదు."

కబురా? తనా? ఆ మర్నాడు చిన్నకోడలు ఏదో కాగితం తెస్తే, చదవకుండానే విసుగ్గా సంతకం గిలికి విసిరేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు!

"మా పెద్దమ్మాయి అంతే! ముందుచూపున్న పిల్ల!" అంది అత్తగారు, మొహం వెలిగిపోతుండగా.

ఆ నోట ఆ మాట కోసం పదేళ్లు చెవులు కాయలు కాచేలా ఎదురుచూసింది... ఊరుకుంటే చాలు, పొగడ్త తనదే! చిన్నకోడలు మాత్రం తలెత్తకుండా తడిసిన గుడ్డలు ఏరుతోంది.

"నేను కాదత్తయ్యా!" అనేసింది పెద్దకోడలు. "అబద్ధం చెప్పింది నేను... ఇదంటే కడుపుమంటతో! దిద్దించింది ఇదే!"

"ఊరుకో అక్కా! నీతో చెబితే మళ్లీ పోట్లాటని నీ పేరు చెప్పేశాను, అంతే..." అంటూ చిన్నకోడలు కూడా ఏడ్చేసింది.

 అత్తగారు ఇద్దరినీ చెరో చేత్తో దగ్గరికి తీసుకుంది.

బ్రోకరు క్లెయిమ్ ఫారం తెరిచింది. పెద్దకోడలు బెంచీ తుడిచి, తోడికోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వే చెప్పు, ఆవిడ రాసుకుంటుంది."

"మొదటి మిషను కొని... తొమ్మిదేళ్లు" అంది చిన్నకోడలు.

"పది!" అని పెద్దకోడలు ఠక్కున అనేసి, నాలుక్కరుచుకుంది. కళ్లనిండా నీళ్లతోనే ఇద్దరికీ నవ్వు ఆగలేదు.