నూట పదిహేడో టోకెను

రెండోసారి పిలిచినా నూట పదిహేడో నంబరు బండి రాలేదు. కోమలికి ఒళ్లు మండిపోయింది.

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మైకు పట్టుకుని టోకెన్లు పిలవడం ఆమె ఉద్యోగం. మూడుసార్లు పిలిచినా బండి రాకపోతే టోకెను కొట్టేయాలి. బండి మళ్లీ వరస చివరికి పోవాలి. రెండు రోజులుగా ట్రాక్టర్లు హైవే దాకా నిలబడి ఉన్నాయి. ఎండకు కాయ మగ్గిపోతోంది.

నూట పదిహేడు ఐరాల నుంచి వచ్చిన గిరిది. పోయిన సీజన్‌లో ఇదే కిటికీ దగ్గర టోకెను కోసం ఆమెతో పోట్లాడి, ఆ పోట్లాటలోనే మనసు పారేసుకున్నవాడు. ఎదురుగా కాటా గదిలో కూర్చున్న ఆమె నాయన మునిరామయ్య పెళ్లికి ఒకటే షరతు పెట్టాడు. "ముందు వాడి కాయ వాణ్ణి సక్కగా దించుకోమను. సొంత పని సూసుకోలేనోడు నిన్నేం సూస్తాడు?"

నిన్న కూడా గిరి ఇట్లాగే వరస వదిలేసి రోడ్డు మీదికి పోయాడు. తప్పు బస్సెక్కి వచ్చి దిక్కు తోచక నిలబడ్డ ఒక అవ్వను సరైన బస్సెక్కించి వచ్చాడు. ఎందుకు పోయినావని అడిగితే అదే పాట.

"అనిపించింది కోమలీ. లోపల ఎవరో పొమ్మన్నట్టు. అది సామి మాటేనని మా అవ్వ చెప్పేది."

"ఆ సామికి నీ నంబరు తప్ప ఇంకొకరిది తెలీదా?" అని ఆమె కిటికీ మూసేసింది.

మూడోసారి పిలిచింది. బదులు లేదు. నాయన కాటా గది అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారి పని తనకే పడింది. కోమలి పళ్లు బిగించి నూట పదిహేడు మీద ఎర్రగీత కొట్టింది.

తర్వాతి నంబరు పిలవబోయి ఆగిపోయింది. నీళ్లు తీసుకుని వరస చివరికి పో అని లోపల ఏదో తొలిచేస్తోంది. నాకేం ఖర్మ అనుకుంది. తొలవడం ఆగలేదు. మైకును పక్క సీట్లో ఉన్న కృపారాణి చేతికిచ్చి, నీళ్ల క్యాను ఎత్తుకుని, గిరిని తిట్టుకుంటూ వరస వెంబడి నడిచింది.

చిట్టచివరి ట్రాక్టరు నీడలో ముసలి రైతు చెంగయ్య వడదెబ్బ తగిలి పడి ఉన్నాడు. గిరి ఆయన తల ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో విసురుతున్నాడు.

"నీళ్లు," అన్నాడు గిరి.

కోమలి తల తడిపింది, తువ్వాలు తడిపి ఒంటికి చుట్టింది, 108కి ఫోన్ చేసింది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు చెంగయ్య కళ్లు తెరిచి, "నా కాయ యాడుండాది?" అన్నాడు. తాను చూసుకుంటానని గిరి మాటిచ్చాడు.

అంబులెన్సు పోయాక గిరి ఆమె వైపు తిరిగాడు. "నా ఫోను ట్రాక్టర్లోనే ఉండాది. నీకెవురు చెప్పినారు?"

కోమలికి అబద్ధం చేతకాలేదు. "అనిపించింది," అంది పళ్లు కొరుకుతూ. "నవ్వినావంటే సూడు. నీ టోకెను నా చేత్తోనే కొట్టేసినాను."

"మైకు ఈడికి వినిపించింది. మూడుసార్లూ."

"విని కూడా రాలేదా?"

"ఆయన చెయ్యి వదల్లేకపోయినాను."

ఇంత కోపం పెట్టుకుని కొట్టడానికి చోటే దొరకకపోతే ఆడపిల్ల ఏం చేస్తుంది? ఏడ్చేసింది. "నిన్ను చేసుకుంటే బతుకంతా ఇట్ల వరస చివర నిలబడాల్సిందే."

"నిలబడతావా?" అన్నాడు గిరి.

ఆమె విసవిసా గేటు వైపు పోయింది.

సాయంత్రం గిరి తన బండిని చెంగయ్య బండి వెనక పెట్టుకున్నాడు. డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన కోమలి వచ్చి బండి పక్కన నిలబడింది. కాసేపటికి మునిరామయ్య ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు.

"ఏం పాపా, డ్యూటీ అయిపోయి గంటయింది. ఈడేం పని?"

"అనిపించింది నాయనా."

మునిరామయ్య కూతుర్ని చూశాడు, గిరిని చూశాడు. ఇదేం అంటురోగమో అని గొణుక్కుంటూ గిరి ట్రాలీలో చెయ్యి పెట్టి కాయ నొక్కి చూశాడు. పైవరస మెత్తబడింది, కిందిది ఇంకా గట్టిగానే ఉంది.

"ఈ తూరి పిలిచినప్పుడు వీడు యాడికన్నా పోయింటే, బండి నేనే తోలుకొస్తాను," అన్నాడు కూతురితో కసురుకుంటూ. "నువ్వు మాత్రం గీత కొట్టబాకు."