మూడో పిలుపు

బెజవాడ దిగువన కరకట్ట దిగితే, కృష్ణలో ఇసుక తోడగా మిగిలిన పెద్ద గుంట ఒకటుంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. ఆ గుంట మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట... పలికినవాడు ఇంటికి రాడట.

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. అలాగని రాత్రిపూట అటు వెళ్ళే రకమూ కాదు.

ఈ సంగతి నాకు చెప్పింది కాశీరావు. చేపలు పట్టి బతికే మనిషి. వాళ్ళ నాన్న హనుమయ్య ఒకప్పుడు ఆ గుంటలో మనిషంత వాలుగ చేపను చూశానన్నాడు. ఊరంతా నవ్వింది. కోతలరాయుడన్న పేరుతోనే పోయాడు, పాపం. ఆ పేరు చెరిపి తీరాలని కాశీరావు తమ్ముడు మణికుమార్ పట్టుబట్టాడు.

పోయినేడు రోహిణి కార్తె. ఏరంతా ఎండి, ఆ గుంటలోనే నీళ్ళు మిగిలాయి. వాలుగ ఉంటే అక్కడే ఉండాలి. అది రాత్రిళ్ళు మేతకు పైకొస్తుందని అన్నదమ్ములిద్దరూ పొద్దుపోయాక బయల్దేరారు. తల్లి దానమ్మ వద్దంటే వినలేదు. చివరికి ఆవిడ ఒకటే చెప్పింది — అక్కడ ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకొద్దు, దెయ్యం రెండుసార్లే పిలుస్తుందని. మణి పడీపడీ నవ్వాడు. కాశీరావు నవ్వలేదు.

మణి టార్చి వెలిగించుకుని పుట్టిలో తెడ్డేసుకుంటూ గుంట లోపలికి పోయాడు. కాశీరావు గట్టున కూర్చున్నాడు. తుమ్మచెట్ల నిండా కీచురాళ్ళు. చెవులు చిల్లులు పడే ఆ రొదలో పక్కన బండరాయి పడినా వినపడదు. ఎంతసేపు గడిచిందో... ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"అన్నాయ్..."

కాశీరావు తలెత్తాడు. పుట్టి ఎదురుగానే ఉంది. టార్చి అందులోనే వెలుగుతోంది. పిలుపు మాత్రం అటునుంచి కాదు — ఎడంపక్క చీకట్లోంచి వచ్చింది. మణి పుట్టిలో ఉంటే, ఇటునుంచి పిలిచేదెవరు?

"అన్నాయ్..."

అచ్చం తమ్ముడి గొంతే. పలకబోయి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు... రాలేదు. గండం గడిచిందనుకుని దణ్ణం కూడా పెట్టుకున్నాడట.

కాసేపటికి పుట్టి గాలికి గట్టువైపు కొట్టుకొచ్చింది. టార్చి ఉంది. మణి లేడు.

తెల్లారాక ఆ ఎడంపక్క నీళ్ళలోనే దొరికాడు. గాలం తాడు చేతికి చుట్టుకున్నట్టున్నాడు — వాలుగ ఒక్క గుంజుకు నీళ్ళలోకి లాగేసింది. తాడు రెండో కొసన అది ఇంకా కొట్టుకుంటోంది. మనిషంత ఉంది. హనుమయ్య అబద్ధం ఆడలేదు. చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

వింటుంటే నా గుండె చెరువైంది. కాశీరావు ఇప్పటికీ రోజూ రాత్రి ఆ గుంట దగ్గరే కూర్చుంటాడు. దెయ్యం తిరిగేచోట ఒక్కడివే ఉంటే భయం వెయ్యదా అని అడిగాను. మెల్లగా అన్నాడు...

"అక్కడ దెయ్యం లేదండీ. ఏడాదిబట్టీ కూచుంటన్నా... ఒక్కసారన్నా పిలవలేదు."