అప్పాయమ్మ నుయ్యి

నర్సీపట్నం దాటాక, కోటవురట్ల రోడ్డు పక్క జీడితోటలో ఓ పాడుబడ్డ నుయ్యి ఉంది. అప్పాయమ్మ నుయ్యి. చీకటి పడితే అటు కుక్క కూడా పోదంటారు. మనుషులు పోయేది ఒక్కందుకే... మొగుడు పోయిన పదో రోజు, కోడి కూయకముందు, ఆడదాని గాజులు పగలగొట్టడానికి. పెళ్ళాం పోయిన మగాణ్ణి ఏ నూతికీ తీసుకెళ్ళరు!

ఆ వేళ పుష్పవతి వంతు.

ముందు సెల్‌ఫోన్ లైటుతో దేవుడమ్మ, మొగుడి పెద్దమ్మ. వెనక మరో ముగ్గురు విధవలు. కాళ్ళ కింద ఎండాకుల చప్పుడు.

అప్పాయమ్మ అంటే పుష్పవతి మొగుడికి మామ్మ. ఆవిడ పెనిమిటి సింహాచలం రెండో ప్రపంచ యుద్ధంలో చమురు ఓడ మీద పనిచేశాడు. నడిసంద్రంలో యుద్ధనౌకల పక్కనే సాగుతూ, లావుపాటి గొట్టాలతో వాటి కడుపు నింపే ఓడ అది. ఓ రాత్రి టార్పెడో తగిలింది. నీళ్ళ మీదే మంట పరుచుకుందట. శవం రాలేదు, కబురొచ్చింది. దర్భబొమ్మని తగలేసి, అప్పాయమ్మని ఈ నూతి దగ్గరకే ఈడ్చుకొచ్చారు.

"ఎవుళ్ళ యుద్ధానికో నూని పోసి ఆయన పోతే, నా సేతులేటి సేశాయి?" అని విదిలించుకుని పోయిందావిడ. చచ్చేదాకా గాజులతోనే ఉంది. చచ్చాక... నూతిలోంచి చమురు కంపు మొదలైందంటారు.

"సెయ్యి సాపవే, బేగి," దేవుడమ్మ గుసగుసలాడుతూ రాయి ఎత్తింది.

అప్పుడు... కంపు.

చిక్కటి చమురు కంపు. ఫోన్ వెలుగు నూతిలో పడింది — నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు, మెల్లగా తిరుగుతోంది. లోపలేదో దభేల్‌మంది.

"ఓలమ్మో! ముసల్దొచ్చేసిందే!"

నలుగురూ చెట్లకడ్డం పడి పరుగు.

పుష్పవతి ఒక్కతే మిగిలింది. నూతి పక్కనున్న పాత మోటారు షెడ్డు వెనక... ఎవరిదో ఊపిరి.

"ఎవరది?"

చీకట్లోంచి కూతురు గౌతమి వచ్చింది. చేతిలో ఖాళీ టిన్ను.

"డీజిలమ్మా. రాయేసిందీ నేనే. పద, ఇంక నీ జోలికెవరూ రారు. అప్పాయమ్మ మామ్మే కాపాడిందనుకుంటారు."

పుష్పవతికి నవ్వొచ్చింది, పది రోజుల తరవాత. అంతలోనే ఖాళీ టిన్ను కేసి చూసింది.

"రేపు ఇంకోదాన్ని తీసుకొస్తారు. దానికీ డీజిల్ పోస్తావేటే?"



పుష్పవతి కొంగు నడుముకి బిగించి, నూతి గట్టెక్కి కూర్చుంది. తోటంతా దద్దరిల్లేలా కేకేసింది.

"దేవుడమ్మత్తా! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు! నీ సెప్పొకటి ఇక్కడే ఒగ్గేశావు, ఎనక్కి రా! గాజులు తియ్యనని నీ మొహమ్మీదే సెప్తాను!"