తార్‌బహార్ మలుపులో హారన్

“బెల్లు లేకపోతే నోరు కూడా లేదేటి మీకు?”

కనకం నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి ఆమె చేతిలోని డబ్బా రోడ్డు మీద పడి ఉంది. మిల్లు నుంచి తెస్తున్న గోధుమపిండి సగం నేల మీద, సగం నా పంట్లాం మీద ఉంది. తప్పు నాదే. బిలాస్‌పూర్ తార్‌బహార్ పేటలో ఆమె తండ్రి, రైల్వే గార్డు త్రినాథరావుగారి ఇంటి ముందు రోడ్డు ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. అవతల ఎవరున్నారో కనబడదు. బెల్లు లేని సైకిలు మీద చప్పుడు లేకుండా వచ్చి ఆమె ముందు బ్రేకు వేశాను.

“క్షమించండి,” అన్నాను.

“క్షమిస్తాను గాని, మా అమ్మకేటి చెప్పను?”

“గోవిందరావు అనే మనిషి పడేశాడని చెప్పండి. కలాసీ సింహాచలం కొడుకు, బి.ఏ. చదివాడు అంటే తెలుస్తుంది.”

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

“అచ్ఛా. బి.ఏ.లో బెల్లు కొట్టడం చెప్పరన్నమాట.”

మర్నాడు సాయంత్రం అదే దారిన వస్తుంటే ఆమె వరండాలో నిలబడి ఉంది.

“బెల్లు కొన్నారేటి?”

“ఇంకా లేదండి.”

ఆ మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. అలా మూడు నెలలు గడిచాయి.

“గోల్ బజార్‌లో బెల్లులు దొరకవేటి?” అని ఒకరోజు అడిగింది.

“మంచిది దొరకలేదండి.”

నేను అబద్ధాలాడే మనిషిని కాను. కాని గోల్ బజార్‌లో మూడు దుకాణాల ముందు బెల్లులు గుత్తులుగా వేలాడుతూ ఉండేవి. నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను. బెల్లు కొంటే ఆమె నన్ను అడగడానికి ఇంకేమీ మిగలదు.

మా నాన్న లోకో షెడ్డులో కలాసీ. మా వంశంలో డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. అది పంతొమ్మిది వందల ముప్పై మూడో సంవత్సరం. రైల్వేలో కొత్తవాళ్ళను తీసుకోవడం అటుంచి, ఉన్నవాళ్ళనే ఇంటికి పంపుతున్నారు. అందుకని స్టేషన్ రోడ్డులో ఒక సేఠ్ నడిపే మోటారు ఏజెన్సీలో గుమాస్తాగా చేరాను. బిలాస్‌పూర్‌లో అప్పటికి పట్టుమని ఇరవై కార్లు లేవు. డాక్టరుగారిది, వకీలుగారిది, పల్లెల్లో శిస్తు వసూలు చేసే మాల్గుజారుగారిది, అన్నీ సర్వీసింగుకి మా గరేజీకే వచ్చేవి.

సర్వీసు చేసేది బంగార్రాజు. నేనూ వాడూ ఒకే రైల్వే క్వార్టర్ల లైన్లో పెరిగాం. పనిమంతుడు. ఇంజను శబ్దం విని రోగం చెప్పగలడు. వాడి జబ్బు ఒక్కటే, ట్రయల్. సర్వీసు అయిన కారును రైల్వే గేటు దాకా మైలు దూరం నడిపి చూసి తీసుకురావాలని సేఠ్ నియమం. వాడు గేటు వైపు ఎన్నడూ వెళ్ళలేదు. తార్‌బహార్ మీదుగా ఊరంతా తిరిగి, మంగ్లా పల్లె దాకా వెళ్ళి, దోస్తులను ఎక్కించుకొని, వంకాయల బస్తాలు వేసుకొని వచ్చేవాడు. ఒకసారి మాల్గుజారుగారు వెనక సీటులో మేకపెంటికలు చూసి, “నా కారుకి సర్వీసు చేశారా, మేకలు తోలారా?” అని సేఠ్‌ని అడిగాడు.

“ఒరే, నమ్మి ఇచ్చిన బండిరా అది,” అనేవాణ్ణి.

“నమ్మేరు కాబట్టే ఇచ్చేరు,” అనేవాడు వాడు.

మా గరేజీకి మూసే వేళంటూ లేదు. ఐదింటికి షెడ్డు సైరన్ ఊరందరికీ మోగేది. మేం మాత్రం సేఠ్‌గారికి ఇల్లు గుర్తొచ్చినప్పుడు మూసేవాళ్ళం. ఒకరోజు ఐదు, ఒకరోజు ఏడు. ఆఖరి పని ఆ ట్రయలే. కారు గరేజీ దాటాక నేను అలమరాలకు తాళాలు వేసి సైకిలెక్కేవాణ్ణి.

ఒకరోజు బంగార్రాజు అద్దం ముందు తల దువ్వుకుంటూ అన్నాడు.

“కారంటే ఆడోళ్ళకి ఎంత మోజో నీకు తెల్దురా గోవిందూ. గార్డుగారి అమ్మాయి లేదా, కనకం? ఆ మలుపులో నేను హారన్ బుడ్డి నొక్కడమే తడవు, వరండాలోకి వచ్చీస్తాది.”

“ఎవరికోసమో వస్తుంది.”

“ఇంకెవరి కోసం? ఆ వేళకి రోడ్డు మీద నేనే కదా ఉంటాను.”

ఆ పూట నేను రాసిన మూడు ఉత్తరాల్లో రెండింటి మీద చిరునామాలు తారుమారయ్యాయి.

మర్నాడు సేఠ్‌ని అడిగి గంట ముందు బయలుదేరాను. మలుపుకి ఎదురుగా ఉన్న పాన్ దుకాణం వెనక నిలబడ్డాను. బి.ఏ. చదివినవాడు చేసే పని కాదు. ఐనా నిలబడ్డాను. వకీలుగారి కారు వచ్చింది. బంగార్రాజు బుడ్డి నొక్కాడు. పోం, పోం. లెక్కపెట్టాను. పది అంకెలు కాకముందే కనకం బయటికి వచ్చింది. కొత్తగా దువ్విన తల, చెవి పక్కన చామంతి. కారు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగిపోయింది. ఆమె మాత్రం లోపలికి వెళ్ళలేదు. స్తంభం పట్టుకొని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

వెళ్ళిన కారు కోసం అంతసేపా, అనుకున్నాను. వెనక సందులోంచి ఇంటికి పోయాను.

మర్నాడు ఆమె బెల్లు సంగతి అడగలేదు.

“నిన్న ఏ దారిన ఎలిపోయేరు?” అంది.

చూశానేమోనని భయపడుతోంది, అనుకున్నాను. “పని ఉండి వేరే దారిన వెళ్ళానండి,” అని తొక్కుకుంటూ పోయాను.

అప్పటి నుంచి పెట్రోలు వాసన వస్తే నాకు ఒళ్ళు మండేది. బంగార్రాజు ఈల వేస్తే మండేది. వాడి చేతులకున్న గ్రీజు చూసి, ఒకరోజు కావాలనే నా చొక్కా చేతికి కాస్త రాసుకొని వెళ్ళాను. “ఈరోజు ఇంజను కింద దూరేరేటి?” అని కనకం నవ్వింది. దానికి మా అమ్మ నాలుగు రోజులు చొక్కా ఉతికింది.

చివరికి నేను చేసిన పని ఇది. ఆ రోజుల్లో చాలా కార్లకు రబ్బరు బుడ్డి హారన్లే. తిప్పితే ఊడి వస్తుంది. ట్రయల్‌కి ముందు బుడ్డి ఊడదీసి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. పొద్దున్న కారు కస్టమరుకి అప్పగించే ముందు మళ్ళీ బిగించాను.

“ఏరా, బుడ్డేదిరా?” అని మొదటి రోజే ట్రయల్‌కి బయలుదేరుతూ అడిగాడు బంగార్రాజు.

“సేఠ్‌గారి ఆర్డరు. పోతాయని భయం.”

“ట్రయల్‌కి హారన్ వద్దేటి?”

“రైల్వే గేటు దాకా ఖాళీ రోడ్డే కదా. హారన్ ఎందుకు?”

గేటుకి వెళ్ళడం లేదని వాడు చెప్పలేడు. కారెక్కాడు.

ఆ సాయంత్రం మలుపు తిరిగాను. వరండా ఖాళీ.

రెండో రోజు ఖాళీ. మూడో రోజూ ఖాళీ. నేను తర్కం చదువుకున్నవాణ్ణి. హారన్ ఉన్నప్పుడు ఆమె వచ్చేది. హారన్ లేదు, ఆమె రాలేదు. కాబట్టి ఆమె వచ్చేది హారన్ కోసం. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? నాలుగో రోజు నుంచి ఆ ఇంటి వైపు చూడడం మానేసి తల దించుకొని తొక్కాను.

ఐదో రోజు వాన. బంగార్రాజు మాల్గుజారుగారి కారు తీసుకొని మంగ్లా వెళ్ళి వంకాయల బస్తాతో తిరిగి వస్తున్నాడు. అదే వేళకి త్రినాథరావుగారు డ్యూటీ దిగి, గొడుగు వేసుకొని ఇంటికి వస్తున్నారు. వెనక పోర్టరు నెత్తి మీద ఆయన డ్యూటీ పెట్టె. మలుపులో కారు హారన్ లేకుండా మీదికి వచ్చింది. గార్డుగారు కాలవలో దూకారు. పోర్టరు పెట్టె వదిలేసి అరుగెక్కాడు. కారు చక్రం పెట్టె మీంచి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే గార్డుగారు కుంటుకుంటూ గరేజీకి వచ్చారు. అప్పటికి నేను బుడ్డి బిగించేశాను.

“ముప్పై ఏళ్ళ సర్వీసు నాది,” అన్నారు ఆయన సేఠ్‌తో. “ఈల వెయ్యకుండా ఒక్క బండినీ కదలనివ్వలేదు. మీవాడు మలుపులో హారన్ కొట్టకుండా మనుషుల మీదకి తోలతాడేటి?”

“హారన్ లేదు బాబూ,” అన్నాడు బంగార్రాజు.

సేఠ్ కారు దగ్గరికి వెళ్ళి నొక్కాడు. పోం అంది. అందరూ బంగార్రాజు వైపు చూశారు.

“నిన్న లేదు. మీరే కదా బుడ్లు తీయించేరు. గోవిందూ చెప్పేడు.”

“నేనా?” సేఠ్ నా వైపు తిరిగాడు. “బాబూజీ, మీరు తీశారా?”

నా మాటకు అక్కడ ఎంత విలువుందో ఆ క్షణంలో తెలిసింది. లేదు అంటే చాలు. బంగార్రాజు ఆ పూటే పని పోయి వీధిన పడతాడు. ఆ మలుపులో ఇక ఏ హారనూ మోగదు. వాడు నన్ను చూస్తున్నాడు. చిన్నప్పుడు షెడ్డు గోడ దూకి ఇద్దరం పట్టుబడ్డప్పుడు ఇలాగే చూశాడు. అప్పుడు వాడు నా పేరు చెప్పలేదు.

“నేనే తీశాను. సేఠ్‌గారు చెప్పలేదు,” అన్నాను.

“ఎందుకు?”

“అది గార్డుగారికి వాళ్ళ ఇంటి దగ్గర చెప్తాను.”

సేఠ్ మా ఇద్దరి వైపూ చూశాడు. “గార్డు సాబ్ మాఫ్ చేస్తే ఇద్దరూ ఉండండి. లేకపోతే ఇద్దరూ వెళ్ళండి,” అన్నాడు.

సాయంత్రం వెళ్ళేసరికి త్రినాథరావుగారు వరండాలో స్టూలు మీద కూర్చొని వేడినీళ్ళ బేసిన్లో కాలు పెట్టుకున్నారు. భార్య అచ్చియమ్మగారు ఉప్పు కలుపుతున్నారు. పక్కన అప్పడంలా నలిగిన పెట్టె.

“చెప్పు. నా మీద ఏటి కోపం నీకు?”

“మీ మీద కాదండి. బంగార్రాజు మీద.”

“వాడేటి చేసేడు?”

“ఈ మలుపులో హారన్ కొట్టేవాడు.”

“మలుపులో కాక మరెక్కడ కొడతారయ్యా హారన్?”

ఇక దాచి లాభం లేదు. “ఆ హారన్ వినబడితే మీ అమ్మాయి వరండాలోకి వస్తుందండి. అది నేను చూడలేకపోయాను.”

అచ్చియమ్మగారి చెయ్యి ఆగిపోయింది. గార్డుగారు బేసిన్లోంచి కాలు మెల్లగా పైకి తీశారు.

“కనకం, ఇలా రా.”

ఆమె వచ్చింది. నన్ను మొదటి రోజు చూసినట్టే కింద నుంచి పైదాకా చూసింది.

“హారన్ మోగితే బయటకొస్తావా నువ్వు?”

“వస్తాను నాన్నా.”

నేను చెప్పుల కోసం వెతుక్కున్నాను.

“ఎందుకు?”

“హారన్ మోగిందంటే వీళ్ళ గరేజీ మూసేసినట్టు.”

“మూసేస్తే నీకేటి?”

“మూసిన పది నిమిషాలకి బెల్లు లేని సైకిలొకటి ఈ దారిన వస్తాది. చప్పుడు చెయ్యదు. ముందొచ్చి నిలబడకపోతే ఎలిపోతాది.”

చూరు నుంచి వాననీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. చెప్పుల్లో ఒకటి కాలికీ ఒకటి చేతిలోనూ ఉంది నాకు.

“ఐదు రోజుల బట్టి హారన్ లేదు,” ఆమె తండ్రికే చెబుతోంది గాని కోపమంతా నా మీదే. “ఏ వేళకి రావాలో తెల్దు. ఒకరోజు ముందొచ్చి నిలబడితే చీకటి పడేదాకా ఎవరూ లేరు. ఒకరోజు పొయ్యి మీద కూర వదిలేసి వచ్చేసరికి ఎలిపోయేరు. ఎదురింటి అప్పలనర్సమ్మత్త చెప్పింది, బి.ఏ. గారు మన గుమ్మం వేపు చూడకుండా తల దించుకుని పోతన్నారంట.”

“ఐదు రోజులుగా కూరలు మాడుతున్నాయంటే ఇదన్నమాట,” అన్నారు అచ్చియమ్మగారు.

గార్డుగారు నా వైపు తిరిగారు. “మూడు నెలల బట్టి ఒక బెల్లు కొనలేకపోయేవా?”

“కొంటే మీ అమ్మాయి అడగడం మానేస్తుందని.”

ఆయన భార్య వైపు చూశారు. భార్య ఉప్పు డబ్బా మూత బిగిస్తూ ముసిముసిగా నవ్వుకున్నారు.

“సేఠ్‌కి చెప్పు, నాకు ఫిర్యాదు లేదని. ఆ బంగార్రాజుకి చెప్పు, ఊరోళ్ళ కార్లలో వంకాయలు మొయ్యొద్దని. నీకూ అదే. నమ్మి బండి అప్పజెప్తే దాని మీద వాడి షోకు చూపించకూడదు, నీ కోపమూ చూపించకూడదు. తెలిసిందా?”

“తెలిసిందండి.”

“మీ నాన్నకి ఆదివారం డ్యూటీ ఉందేటి?”

“లేదండి.”

“అయితే నేనొస్తానని చెప్పు. కాలు తగ్గకపోతే ఆయన్నే రమ్మను.”

గరేజీలో ఈ సంగతి విని బంగార్రాజు టైరు మీద కూలబడ్డాడు.

“అంటే ఇన్నాళ్ళూ నేను నీకోసం హారన్ కొట్టేనన్నమాట,” అన్నాడు. “నాకోసం ఎవడు కొడతాడురా?”

తరవాత లేచి వెళ్ళి తుక్కు సామాన్లోంచి ఒక పాత బుడ్డి హారన్ తెచ్చి నా సైకిలుకి బిగించాడు. “కస్టమరుది కాదు, కంగారు పడకు. బేగి ఎల్లు.” ఆ రోజు నుంచి వాడు ట్రయల్‌కి రైల్వే గేటు దాకానే వెళ్ళేవాడు. ఎందుకంటే పక్క సీట్లో నేను కూర్చునేవాణ్ణి.

ఆదివారం పెద్దవాళ్ళు సంబంధం మాట్లాడుకున్నారు. సోమవారం సాయంత్రం మలుపులో నా బుడ్డి నొక్కాను. పోం.

అప్పలనర్సమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. పాన్ దుకాణంవాడు చూశాడు. కనకం రాలేదు. నాకు మళ్ళీ ఎక్కడో చురుక్కుమంది. వేరే ఏ కారైనా వస్తోందా అని రోడ్డు వైపు చూశాను కూడా.

“అతనొచ్చేడే,” అన్నారు లోపల అచ్చియమ్మగారు.

“అప్పుడేనేటి? హారన్ ఇప్పుడే కదా మోగింది. ఇంకా పది నిమిషాలుంది. జడ వేసుకుంటన్నాను, నిలబడమను.”

సన్నగా తుంపర మొదలైంది. సైకిలు పట్టుకొని, ఖాళీ వరండా వైపు చూస్తూ నిలబడ్డాను. మూడు నెలలు ఆమె రోజూ నిలబడిన పది నిమిషాలు ఎంత పొడవో అప్పుడు తెలిసింది.