రేపొస్తా

"రేపొస్తా అంటే మీ ఊళ్ళో ఎన్ని రోజులండీ?"

తలుపు తీస్తూనే ఫెయిత్ అడిగిన మొదటి మాట ఇది. విజయేందర్ తడిసిన హెల్మెట్ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. అమీర్‌పేట వెనక సందు, రెండు రోజులుగా వదలని ముసురు. ఆమె సోమవారం ఫోన్ చేస్తే "రేపొస్తా మేడం" అన్నాడు. ఇవాళ గురువారం.

"మస్తు కాల్స్ ఉండె మేడం. జర..."

"మాది గుంటూరు. మాకు రేపంటే మంగళవారం."

హైదరాబాదు రిపేరువాళ్ళ నోట రేపు అనేది రోజు కాదు, ఫోన్ పెట్టేయడానికి పెట్టే దండం. విజయేందర్ పనిచేసే పంజగుట్ట షాపు ఒక్క మనిషికి రోజుకు పద్నాలుగు ఇళ్ళు అంటగడుతుంది. ఆ షాపును తిట్టాలి, తిడతాను కూడా. అయినా ఇక్కడ అతనికి అది సాకు కాదు.

హాల్లో టీవీ నల్లగా ఉంది. పక్కన కెమెరాల రికార్డర్ పచ్చ లైటు మాత్రం వెలుగుతోంది. ఏడాది కింద దాన్ని బిగించింది అతనే. ఆ రోజు ఇంటాయన నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు, టీ తాగేదాకా వదల్లేదు.

"సార్ లేరా?"

ఫెయిత్ గోడ వైపు చూసింది. గోడ మీద ఇంటాయన యేసురాజు ఫొటో కొత్తగా ఉంది.

"నాన్న పోయి పద్నాలుగు రోజులైంది. సనత్‌నగర్ ఫ్యాక్టరీకి వెళ్తూ బస్టాపులో పడిపోయారు. ఆ పొద్దున వెళ్ళొస్తానమ్మా అన్నారు. నేను అలిగి పలకలేదు. గేటు దగ్గర ఆగారా, కోపంగా పోయారా... అదొక్కటీ చూడాలి నాకు."

విజయేందర్ వైరు పీకి వేరేది పెట్టాడు. టీవీలో ఇన్‌పుట్ మార్చాడు. నలుపే. రికార్డర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఆఫ్ చెయ్యకండి! మీరే కదా ఫోన్లో వద్దన్నారు? కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నడిపాను, ఆరిపోనివ్వలేదు."

అతని చెయ్యి అక్కడే ఆగింది. అన్నాడు. అలవాటుగా, ఆలోచించకుండా అన్నాడు.

"ఒక్కసారి బంద్ చేసి మళ్ళ చాలు చేస్త. ఉన్నదేం పోదు."

బీప్ మని ఒక్క చప్పుడు. రికార్డర్ డబ్బా బాగానే ఉంది.

"టీవీ మార్చిన్రా?"

"చుట్టాలొచ్చినప్పుడు పెద్దది లోపల పెట్టి, ఈ పాతది తెచ్చాం."

"గదే. డబ్బాల లోపం లేదు. అది పంపే బొమ్మ సైజు ఈ పాత టీవీకి పడ్తలేదు."

సంచిలోంచి చిన్న మానిటర్ తీసి తగిలించాడు. బొమ్మ వచ్చింది. తడిసిన గేటు, ఖాళీ సందు. ఫెయిత్ అతని భుజం దాకా వంగి చూసింది, అతను తేదీల పట్టీ తెరిచాడు.

"నాన్నవి ఒక్క రోజువే ఉన్నాయేంటి? మిగతావి?"

డిస్క్ ఖరాబైందని చెప్తే అయిపోయేది. ఎవరికి తెలుస్తుంది?

"నా తప్పు మేడం," అన్నాడు. "దీంట్ల పదిహేను రోజులే నిలుస్తయ్. ఆన్‌ల ఉంటే కొత్తది పాతదాన్ని తుడుచుకుంట పోతది. సోమవారం వచ్చి ఉంటే సార్‌వి నాలుగు రోజులు దొరికేవి. ఆఫ్ చెయ్యొద్దని, రేపొస్తనని నేనే చెప్పిన. మూడు రోజులు నా మాటతోనే పోయినయ్."

ఆమె తెర మీద ఆ ఒక్క తేదీ పైన వేలు పెట్టింది. తిడితే బాగుండు అనిపించింది అతనికి.

"ఉన్నది పెట్టండి," అంది చివరికి.

తెర మీద టైము పొద్దున ఆరూ యాభై. వానలో యేసురాజు గేటు దాటాడు. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చాడు. అరుగెక్కి, జేబురుమాలుతో కెమెరా అద్దం మీది నీళ్ళు తుడిచాడు. తెర నిండా ఆయన ముఖం.

"అద్దం తుడవాలె సార్ అని నేనే చెప్పిన," అన్నాడు విజయేందర్ మెల్లగా.

ఆ కెమెరాకు శబ్దం లేదు. ఆయన లోపలి గదుల వైపు చూసి, మళ్ళీ పెదాలు కదిపాడు. ముఖంలో కోపం లేదు. ఏమన్నాడో చదవడానికి కూతురికి శబ్దం అక్కర్లేదు.

"వెళ్ళిరా నాన్నా," అంది ఫెయిత్.

తెర మీద ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకునేదాకా విజయేందర్ గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రికార్డర్ ఆపి, డిస్కు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగ దీన్ని ఏదీ తుడవదు. మీ దగ్గరనే ఉంచుర్రి. కొత్తది నేను పట్టుకొస్త. పెద్ద టీవీ సుత మళ్ళ బిగించాలె."

"ఎప్పుడు?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను అతను మింగేశాడు. ఆమె పెదవి మీద సన్నగా నవ్వులాంటిది మెదిలి ఆరిపోయింది.

"పొద్దుగాల తొమ్మిదింటికి. శుక్రవారం."

గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకుని, చెప్పాలా వద్దా అని నిలబడ్డాడు.

"చెప్పకుండానే పోతారా?" అరుగు మీద నుంచి ఆమె.

"చెప్తే రావాలె గదా మేడం."

"మేడం కాదు, ఫెయిత్. రావాలనే చెప్పమంటున్నా."

ముసురు అట్లాగే పడుతోంది.

"పోయొస్తా, ఫెయిత్."

"వెళ్ళిరండి," అంది వెంటనే. సందు చివరి దాకా వినపడేంత గట్టిగా.