ఇద్దరి మధ్య ఇంజిన్

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి భర్త కేకేశాడు.

"ఇదిగో, నీ కూతురికి చెప్పు. స్కూటర్ ఇంజిన్ వద్దు. నీళ్ళ పంపు ఇంజిన్ చాలు."

కూతురు వంటింటి గడప మీదే కూర్చుని ఉంది. తండ్రి మాట దానికి వినబడింది. వీధి చివరి ఇంటికి కూడా వినబడే ఉంటుంది. అయినా తలెత్తకుండా, "ఆయనేమంటున్నారమ్మా?" అంది.

"నీకు చెవులు లేవా?"

"నాతో అనలేదుగా."

ఆమె గిన్నె దించేలోపు సగం పాలు పొయ్యి పాలయ్యాయి.

"పంపు ఇంజిన్ చాలట."

"దానికి క్లచ్ ఉండదని చెప్పు. తాడు లాగి స్టార్టు చెయ్యగానే బండి పోయి గోడెక్కుతుంది. ఇంజిన్ చవకే, కానీ క్లచ్ విడిగా కొనేసరికి మన డబ్బు దాటిపోతుంది. స్కూటర్‌దైతే క్లచ్చూ గేర్లూ దాంట్లోనే వస్తాయి."

ఆమె పెరటి గుమ్మం దాకా వెళ్ళింది. "క్లచ్ ఉండదట."

"తెలుసు. బెల్టు వదులుగా వేసి, కాలితో తొక్కితే బిగిసేలా ఒక పట్టీ నేను చేసిస్తా. పైసా ఖర్చు లేదు. చెప్పు, ఆ మొండిఘటానికి."

ఆమె వెనక్కి వచ్చింది. "బెల్టు పెడతారట," అంది. మొండిఘటాన్ని దారిలోనే వదిలేసింది.

కొన్నాళ్ళుగా ఇదే వరస. తండ్రి వెల్డరు. పిల్లని ఫ్యాను కింద కుర్చీలో చూసుకోవాలని లెక్కల చదువుకి పంపాడు. పిల్ల మధ్యలో మానేసి వచ్చి, మోటారు పని నేర్చుకుంటానంది. "నా బతుకు నీకెందుకే?" అన్నాడు తండ్రి. "నీ బతుక్కేం తక్కువ?" అంది కూతురు. అక్కడితో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

పెద్ద వర్క్‌షాపు వాళ్ళు పని నేర్పడానికి కొద్దిమందినే తీసుకుంటారు. ఇంట్లో కట్టిన బండిని వాళ్ళ ముందు నడిపి చూపించాలి. అది ఈ శనివారమే. అందుకే ఈ గో-కార్ట్. నాలుగు బుల్లి చక్రాలు, నేలని రాసుకునేంత కిందుగా ఒక సీటు. కప్పు లేదు, తలుపు లేదు. ఇల్లాలి కంటికి అది కాళ్ళు విరిగిన మంచంలా ఉంది.

మాటలు లేకపోయినా తండ్రి చెయ్యి ఊరుకోలేదు. పిల్ల గొట్టాలు కోసి పెట్టుకుంటే, అది నిద్ర లేచేసరికి అవి అతికి ఉండేవి. పిల్ల చూసేది. ఏమీ అనకుండా తరవాతి గొట్టం కోసుకునేది. చట్రం అలా పూర్తయింది. ఇంజిన్ దగ్గర ఇద్దరూ మొండికేశారు. పాత ఇనప సామాన్ల కొట్టాయన రెండు ఇంజిన్లు పక్కన పెట్టి, ఇవాళ మధ్యాహ్నం దాకా ఆగుతాను, ఆ పైన ఎవరొస్తే వాళ్ళవే అన్నాడు.

మధ్యలో నలిగింది ఆమె. ఇటు మాట అటు, అటు మాట ఇటు. మోసేటప్పుడు కూర తరిగినట్టు తరిగేసేది. తిట్లు తీసేసేది. ఎత్తిపొడుపులు తీసేసేది. తొక్కతోపాటు కండ కూడా పోతోందని ఆమెకి తోచలేదు.

"పట్టీ అరిగిపోతుందని చెప్పు," అంది కూతురు.

గరిటె ఠంగుమని గట్టు మీద పడింది.

"చెప్పను. పదండి ఇద్దరూ కొట్టుకి. అక్కడే కొట్టుకు చావండి. నేను మనిషినా, టెలిఫోను తీగనా?"

ముగ్గురూ బయల్దేరారు. తండ్రి ముందు, కూతురు వెనక. రోడ్డు మీద కూడా మధ్యలో ఆమే.

కొట్టు నిండా తుప్పు వాసన. రెండు ఇంజిన్లూ గోనెపట్టా మీద పక్కపక్కన ఉన్నాయి.

"ఏం బావా, ఏది కట్టమంటావు?" అన్నాడు కొట్టాయన.

"పంపుది."

"స్కూటర్‌ది," అంది కూతురు.

"అక్కా, మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందు తేల్చుకు రావాల్సింది."

కూతురు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఆయనకి నా బండి నడవడం ఇష్టం లేదు. అక్కడ అది నత్తలా పాకితే నలుగురూ నవ్వాలి. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి మళ్ళీ ఆ లెక్కల పుస్తకం తెరవాలి. అంతేనా కాదా అడుగు."

తండ్రి ఇంజిన్ వైపే చూస్తున్నాడు. "అంతేనని చెప్పు."

"కాదు!" అని అరిచింది ఆమె. కొట్టాయన చేతిలో పానా జారింది.

"అదేం కాదు, నువ్వు విను. మీ నాన్నకి అతుకు కనబడటం లేదే! ఆ మంట చూసి చూసి కళ్ళు మసకేశాయి. ముందు చక్రాల ఇరుసు దగ్గర అతికినది సరిగ్గా పడిందో లేదో ఆయనకే తెలీదు. వేళ్ళతో తడిమి చూసుకుంటున్నారు. 'స్కూటర్ ఇంజిన్ వేగానికి అది ఊడితే పిల్ల ఏమైపోతుంది' అని నా దగ్గర ఏడ్చారు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఒట్టూ లేదు, గట్టూ లేదు. ఇంక నావల్ల కాదు."

"నోరు ముయ్యి," అన్నాడు తండ్రి.

"ముయ్యను. మీరూ వినండి. ఇదేమందో తెలుసా? నాన్న అతికిన గొట్టం మీద ఏనుగు నిలబడినా వంగదంది. ఆయన చేత్తో బోల్టు బిగించకపోతే ఆ బండి ఎక్కనంది. నేనే చెప్పలేదు. ఇంజిన్ మాటలు మొయ్యడంతోనే సరిపోయింది నా బతుక్కి."

కొట్టాయన కిందపడ్డ పానా కోసం అవసరానికి మించి వెతికాడు.

"నాన్నా," అంది కూతురు.

ఆయన తల తిప్పాడు.

"నా వైపు చూడు నాన్నా. మొహం కనిపిస్తోందా?"

"మొహం కనిపిస్తుంది. సన్నవే కనిపించవు."

పిల్ల కళ్ళు తుడుచుకుని కొట్టాయనతో అంది. "మావయ్యా, పంపు ఇంజిన్ కట్టెయ్. మిగిలినదాంతో ఈయన్ని కళ్ళ డాక్టరుకి చూపించాలి."

"అవసరం లేదు. స్కూటర్‌దే కట్టు," అన్నాడు తండ్రి. "పిల్ల దాని మీద మనసు పడింది."

"వద్దు మావయ్యా, పంపుదే."

"నువ్వాగు. నాకు తెలుసు."

"నీకేం తెలుసు? పొద్దుటిదాకా పంపుదేగా అన్నావు!"

"పొద్దున్న నువ్వేమన్నావు మరి?"

ఆమె తల పట్టుకుని పాత టైరు మీద కూలబడింది. కొట్టాయన ఆమె వైపు చూశాడు. ఈ ఇంజిన్ల గురించి రెండు పక్కల మాటలూ పూర్తిగా విన్న మనిషి ఆ కొట్టులో ఆమె ఒక్కతే.

"పంపుది కట్టు తమ్ముడూ," అంది. "బెల్టూ పట్టీ ఆయన చేస్తారు. అరిగితే పిల్ల మారుస్తుంది. ముందు చక్రాల ఇరుసు దగ్గర ఆ అతుకు కోసి, మళ్ళీ పిల్లే అతుకుతుంది. రేపు కళ్ళ డాక్టరు. ఎవరైనా నోరెత్తారంటే ఇంజిన్ నా నెత్తిన పెట్టుకుని పోతా."

కొట్టాయన పంపు ఇంజిన్‌ని గోనెపట్టాలో చుట్టాడు.

మధ్యాహ్నం పెరట్లో కూతురు ఇరుసు ముందు కూర్చుంది. మొహానికి వెల్డింగు నల్లద్దం అడ్డం పెట్టుకుంది. తండ్రి దానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అటు తిరిగితే ఎలా చూస్తావు?"

"చూడను. వింటాను. అతుకు సరిగ్గా పడితే నూనెలో వేగినట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది. ఊఁ, కానివ్వు."

చిటపటమంది. ఆగింది. మళ్ళీ చిటపటమంది.

"చెయ్యి తొందరపడుతోంది. దగ్గరగా పట్టు. ఊఁ... ఇంకాస్త."

చెయ్యి కుదరడానికి పెట్టుకున్న గొట్టం ముక్కలు కొన్ని పాడయ్యాయి. తండ్రి విసుక్కున్నాడు. కూతురు ఎదురు చెప్పింది. ఆయన తిట్టాడు. తిట్లన్నీ పూర్తిగా, తరగకుండా దానికే అందాయి. ఆ తరవాత ఒకసారి చప్పుడు ఎక్కడా తెగకుండా గొట్టం చుట్టూ తిరిగి వచ్చింది. తండ్రి గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"నాన్నా, ఎలా ఉంది?"

ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "నా చెయ్యిలాగే ఉందే," అన్నాడు చివరికి.

ఆమె గుమ్మంలోంచి కేకేసింది. "కంచాలు పెట్టి ఎంతసేపయింది! వస్తారా, పారబొయ్యనా?"

"ఆగమ్మా!"

"ఆగవే!"

రెండు గొంతులూ ఒక్కసారే ఆమె మీద పడ్డాయి. ఏదో అనబోయి, కొంగుతో కళ్ళొత్తుకుని, కంచాల మీద మూతలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.