జెనెల్ చెప్పేదాకా

వెర్లిన్ వేయించిన రొట్టెలు, ఉప్పుచేప కూర బల్లమీద పెట్టి కోకో టీ గిన్నె పొయ్యి మీంచి దించింది. రేవులో ఫెర్రీ కూత వినిపించింది. మరో అరగంటలో ఆమె టికెట్ల కిటికీ దగ్గర ఉండాలి.

పక్కగదిలో ఆడబిడ్డ ఐయోనీ ఏదో అంటోంది. తొమ్మిదేళ్ల జెనెల్ కిలకిలా నవ్వుతోంది. వెర్లిన్ తలుపు తోసేసరికి ఆ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"ఏమిటే అంత నవ్వు?"

"ఏం లే... అ... అ... అత్త..."

"అత్త జోకు చెప్పిందా? సరే రా, టీ చల్లారిపోతోంది."

జెనెల్ నోరు మూసుకుని వచ్చి కూర్చుంది. ఐయోనీ మాత్రం వెర్లిన్ వైపు ఒక చూపు చూసి, రొట్టె తుంచుకుంటూ ఉండిపోయింది. ఆ చూపు వెర్లిన్‌కి ముల్లులా గుచ్చుకుంది.

కిందటేడు తుఫానుకి జెనెల్ చదివే కొండమీది ప్రైవేటు స్కూలు కప్పు లేచిపోయింది. అదే సమయానికి, ట్రినిడాడ్‌లో ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసి రిటైరైన ఐయోనీ తమ దీవి బెక్వేకి తిరిగొచ్చింది. "స్కూలు తెరిచేదాకా పిల్లకి నేను చెప్తాలే" అంది. వెర్లిన్ దణ్ణం పెట్టినంత పని చేసింది. ఇప్పుడు స్కూలుకి కొత్త కప్పు పడింది. కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ శుక్రవారం పిల్లని తీసుకురమ్మని కబురు కూడా పంపింది. కానీ ఐయోనీ ఆ ఊసే ఎత్తడం లేదు. వెర్లిన్ ఎత్తితే, "చూద్దాంలే, ఇంకా టైముందిగా" అంటుంది.

గుమ్మంలో భర్త ఆస్బర్ట్ రంపం సంచిలో పెట్టుకుంటున్నాడు. పడవలు కట్టడం అతని పని.

"మీ అక్క మన పిల్లని స్కూలుకి పోనివ్వదు, రాసిపెట్టుకో," అంది వెర్లిన్ గొంతు తగ్గించి.

"ఎందుకు పోనివ్వదు?"

"తనకెటూ పిల్లల్లేరు. మన పిల్లని కొంగుకి కట్టేసుకుందామని."

"నోరు జారకు, వెర్లిన్." అతను ఆమె కళ్లలోకి చూడకుండా సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు. ఈయనకీ ఏదో తెలుసు, అనుకుంది వెర్లిన్. తన ఇంట్లో తనకొక్కదానికే తెలియని విషయం ఏదో ఉంది.

ఆ అనుమానానికి టికెట్ల కిటికీ దగ్గర తనతో పనిచేసే మార్వా ఇంకాస్త ఆజ్యం పోసింది. "మీ వదిన పాఠాలు భలే చెప్తోందమ్మా! నిన్న పదింటికి కొండ అవతలి తీరంలో చూశాను. మీ పిల్ల నీళ్లలో నిలబడి సముద్రం మీదకి కేకలు పెడుతోంది. ఆవిడేమో రాయిమీద కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతోంది. పుస్తకాలు చదవాల్సిన టైములో ఈ కేకలేంటో!"

సాయంత్రం ఇంటికి వెళ్లగానే వెర్లిన్ జెనెల్ నోటుపుస్తకం తీసి చూసింది. నెలరోజులుగా లెక్కలు మాత్రమే ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. ఐయోనీ స్నానానికి వెళ్లిన సమయం చూసి, ఎన్నడూ చేయని పని చేసింది. వదిన సంచి విప్పింది. లోపల ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఒకటి దొరికింది. ఇంటిదగ్గరే చదివించుకోవడానికి అనుమతి కోరే ఫారం అది. జెనెల్ పేరు, పుట్టినతేదీ, అన్నీ నింపేసి ఉన్నాయి. తల్లిదండ్రుల సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది.

వెర్లిన్ కాగితం యథాస్థానంలో పెట్టేసి, ఆ పూట అన్నం సయించక లేచిపోయింది.

మర్నాడు పొద్దుటి ఫెర్రీ కదలగానే, "కిటికీ చూసుకో మార్వా" అని చెప్పి కొండ దాటింది. చెట్ల చాటునుంచే జెనెల్ గొంతు వినిపించింది. పిల్ల మోకాళ్ల లోతు నీళ్లలో, పుస్తకం గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది.

"ఆ రా... రా... త్రి గా... గ్..."

పిల్ల మెడనరాలు తేలాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. ఐయోనీ కదల్లేదు. సాయానికి ఒక్క మాట కూడా అందించలేదు. అలలు వచ్చి పోతున్నాయి, ఆవిడ అలా చూస్తూనే ఉంది.

వెర్లిన్ ఇక ఆగలేకపోయింది. "గాలి! ఆ మాట గాలి! ఎందుకు వదినా దాన్నిలా చంపుతున్నారు?"

జెనెల్ ఉలిక్కిపడింది. పుస్తకం నీళ్లలో పడింది.

"అదెవరి మాట, వెర్లిన్?" ఐయోనీ లేచి నిలబడింది. "దాని మాట నువ్వెందుకు లాక్కుంటావు?"

"నేను లాక్కుంటున్నానా? పిల్లనే లాక్కుంటున్నది మీరు! మీ సంచిలో కాగితం చూశాను. నా సంతకం కోసం ఎప్పటిదాకా కాచుకుంటారు?"

"సంచి వెతికావా?" ఐయోనీ ముఖం ఎర్రబడింది. "సరిగ్గా వెతకలేదు మరి. దాని కింద స్కూలు ఫారం కూడా ఉంది. అదీ నింపే పెట్టాను. రెండూ పిల్ల ముందు పెట్టి, నీకేది కావాలో నువ్వే చెప్పు అన్నాను. నోటితో చెప్పాలి, తలూపితే కుదరదు అన్నాను. అందుకే ఈ తిప్పలు."

"మరి నా దగ్గర దాచడం దేనికి?"

ఐయోనీ పిల్లవైపు చూసింది. నీళ్లలోంచి జెనెల్ నడిచి వచ్చింది.

"అమ్మా, నీ... నీ ముం..."

"నా ముందు భయమా?" వెర్లిన్ అనేసింది.

జెనెల్ పెదాలు బిగుసుకుపోయాయి. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వెర్లిన్ చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్లింది. ఈ పని తను రోజుకి ఎన్నిసార్లు చేస్తోంది? పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్ల ఒక్క వాక్యమైనా చివరిదాకా తనతో చెప్పిందా?

ఈసారి ఆగింది. ఒక అల వచ్చింది, వెళ్లింది. ఇంకొకటి వచ్చింది.

"నీ ముందు... ఎ... ఎక్కువ ఆగిపోతుంది. స్కూల్లో టీ... టీచరు కూర్చో అనేది. ఇంట్లో... నువ్వు చెప్పేస్తావు." జెనెల్ ఊపిరి పీల్చుకుంది. "అత్త... ఊరుకుంటుంది."

వెర్లిన్ ఇసుకలో కూలబడిపోయింది. ఐయోనీ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

"నాకూ నత్తి ఉండేది, వెర్లిన్. మా అమ్మ నామీద ప్రేమతోనే నా మాటలన్నీ తనే చెప్పేసేది. ఇరవై ఏళ్లొచ్చేదాకా షాపులో ఉప్పు కూడా అడగలేకపోయాను. ఆస్బర్ట్‌కి తెలుసు. నీకు చెప్తే బాధపడతావని వాడి భయం. అందుకు వాణ్ణి తిట్టు, నన్నూ తిట్టు. కానీ దాన్ని తొందరపెట్టకు."

"మీమీద ఎన్నెన్ని అనుకున్నానో, వదినా," అంటూ వెర్లిన్ ఆవిడ భుజంమీద తల పెట్టి ఏడ్చేసింది.

శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ గదిలో వెర్లిన్, జెనెల్ పక్కపక్కన కూర్చున్నారు. రెండు ఫారాలూ వెర్లిన్ చేతిలో ఉన్నాయి.

"నీ పేరేంటమ్మా?"

"జ్... జ్..."

హెడ్‌మిస్ట్రెస్ చూపు తల్లివైపు తిరిగింది. పేరు వెర్లిన్ నాలుక చివరికి వచ్చేసింది. పళ్లతో నాలుక నొక్కిపట్టి కిటికీలోంచి బయటికి చూసింది. గోడమీద గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"జెనెల్," అంది పిల్ల.

"ఇక్కడికి రావడం ఇష్టమేనా, జెనెల్?"

"ఇ... ఇష్టమే. కానీ జ... జనవరిలో వస్తాను. అప్పటిదాకా అత్త ద... దగ్గర చదువుకుంటాను. వచ్చాక, నేను చెప్పేదాకా... టీచరు ఆ... ఆగాలి."

హెడ్‌మిస్ట్రెస్ కలం కింద పెట్టింది. పిల్లవైపు తిరిగి, "ఆగుతారు. ఆగమని నేనే చెప్తాను," అంది.

కళ్లకి అడ్డంపడ్డ నీళ్లలో స్కూలు ఫారం మీద సంతకం చోటు సరిగా కనిపించక, "ఎక్కడ పెట్టనే?" అని కూతుర్నే అడిగింది వెర్లిన్.

జెనెల్ వేలు పెట్టి చూపించబోయి, మనసు మార్చుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కిం... కిం..."

వెర్లిన్ కలం ఎత్తి పట్టుకుని అలాగే ఉంది.

"కింద, అమ్మా. కుడివైపు."